మా ట్రైలర్‌ని 4¾ ఇంచులు ఎత్తిన షాపు

ఐదు నక్షత్రాలకి నాలుగు ఇస్తున్నాను. షాపు పేరు మాత్రం రాయను. అక్కడ ఉన్నది ఇద్దరే, తండ్రీ కొడుకూ. మంచి మాట రాస్తానంటే పెద్దాయన నవ్వి, "పేరు పెట్టొద్దు, ఉన్న పనే తెమలడం లేదు" అన్నాడు. టెక్సస్‌లో డెంటన్ దాటి 380 హైవే మీద పడమటికి వెళ్తుంటే వచ్చే రేకుల షెడ్డు, ముందు ఎప్పుడూ రెండు మూడు గుర్రాల ట్రైలర్లు ఆగి ఉంటాయి. ఇంతకంటే చెప్పను. కాబట్టి ఇది షాపుకి ప్రచారం కంటే, తమ ట్రావెల్ ట్రైలర్ (బండి వెనక లాక్కెళ్ళే చిన్న ఇల్లు) ఎత్తు పెంచుకోవాలా వద్దా అని తర్జనభర్జన పడుతున్నవాళ్ళకి పనికొచ్చే సంగతి అనుకోండి.

మేం ఫ్రిస్కోలో ఉంటాం. 24 అడుగుల ట్రైలర్, 2021లో సెకండ్ హ్యాండ్‌లో కొన్నాం. కింద రెండు యాక్సిళ్ళు, ఒక్కోటి 3,500 పౌండ్లు మోసేవి. నడిపేది నేనే. మా ఆయన పార్కింగ్ దగ్గర వెనక నిలబడి చేతులు ఊపుతాడు, ఆ ఊపుడికి అర్థం ఏమిటో ఇప్పటికీ నాకు తెలియదు. మొన్న జూలై వరకు లాగింది ఫోర్డ్ ఎఫ్-150 పికప్ ట్రక్కు. దాంతో ట్రైలర్ చక్కగా నేలకి సమంగా ఉండేది. జూలైలో దానికంటే పెద్దది, ఎఫ్-250 తీసుకున్నాం. ఇబ్బంది అక్కడ మొదలైంది.

కొత్త బండి ఎత్తెక్కువ. ట్రైలర్ తగిలించడానికి వెనక ఉండే హిచ్ గొట్టం కూడా ఎత్తే. ఆ గొట్టంలో దూర్చే రంధ్రాల కడ్డీని, అదే షాంక్‌ని, అట్టడుగు రంధ్రానికి దించినా, ట్రైలర్ కూర్చునే బాల్ నేలకి 23½ ఇంచుల దగ్గర ఆగింది. ట్రైలర్ సమంగా ఉండాలంటే దాని కప్లర్ (బాల్ మీద కూర్చునే ముందు భాగం) 20 ఇంచుల దగ్గర ఉండాలి. అంటే ముక్కు మూడున్నర ఇంచులు లేచిపోయింది. ముక్కు లేస్తే తోక దిగుతుంది కదా. తగిలించి పక్క నుంచి చూస్తే ట్రైలర్ ఆకాశం వైపు చూస్తున్నట్టు ఉండేది. "పర్లేదులే, కాస్తేగా" అనుకున్నాం.

సెప్టెంబరులో అమ్మానాన్నలని తీసుకుని పాలో డ్యూరో కాన్యన్‌కి బయల్దేరాం. యూఎస్ 287 హైవే మీద చిల్డ్రెస్ ఊరి దగ్గర పెట్రోలు కోసం పక్కకి తిప్పాను. రోడ్డుకీ బంకుకీ మధ్య చిన్న కాలువ పల్లం ఉంది. బండి ఎక్కింది, ట్రైలర్ చక్రాలు పల్లంలోకి దిగాయి, వెనక నుంచి కర్రుమని పెద్ద చప్పుడు. దిగి చూస్తే మురుగు ట్యాంకు ఖాళీ చేసే ప్లాస్టిక్ గొట్టం మోచేతి వంపు దగ్గర రెండు ముక్కలు. వెళ్ళేటప్పుడు కాబట్టి ట్యాంకు ఖాళీ. అదే తిరుగు ప్రయాణంలో అయ్యుంటే ఈ రివ్యూ వేరేలా ఉండేది.

ఇక్కడ నాన్న గురించి ఒక మాట చెప్పాలి. విజయవాడ ఆటోనగర్‌లో 31 ఏళ్ళు కమాన్ల (లీఫ్ స్ప్రింగుల) పని చేశారు. లారీలకి కమాను పట్టీలు విరిగితే వేయడం, కట్టలు విప్పి కట్టడం, పిన్నులూ బుష్షులూ మార్చడం. నా చిన్నప్పుడు స్కూలు అయ్యాక కాసేపు షాపులో కూర్చునేదాన్ని, అందుకే ఈ మాటలు నాకు ఇంగ్లీషులో కంటే తెలుగులోనే ముందు తెలుసు. ఆయన బంకులోనే ఒక అట్టముక్క పరుచుకుని ట్రైలర్ కింద దూరారు. అమ్మ "ఏమండీ, ఊరుగాని ఊరు, బట్టలు..." అంటూనే ఉంది. లోపల్నుంచి ఆయన గొంతు వచ్చింది.

"అమ్మాయ్, వీళ్ళేంటి, కమాను యాక్సిల్ కింద కట్టారు!"

నేనూ వంగి చూశాను. నిజమే. మన లారీలకి యాక్సిల్ కింద ఉంటుంది, దాని మీద కమాను కట్ట కూర్చుంటుంది, ఆ పైన ఛాసిస్. ఇక్కడ తిరగబడింది. యాక్సిల్ పైన, కమాను దాని కింద వేలాడుతోంది, యూ బోల్టులు పైనుంచి కిందికి బిగించి ఉన్నాయి. ట్రైలర్‌ని నేలకి దగ్గరగా ఉంచడానికి కంపెనీలు చాలావాటికి ఇలాగే కడతాయి. మెట్టు ఎత్తు తగ్గుతుంది, గాలికి ఊగడం తగ్గుతుంది. హైవే మీద, తారు వేసిన పార్కుల్లో ఏ బాధా లేదు. పల్లాలొచ్చినప్పుడే తోక తగులుతుంది.

ఇంటికొచ్చాక మొదట ఫోన్ చేసింది ఇలాంటి ట్రైలర్లు బాగుచేసే ఇక్కడి పెద్ద ఆర్‌వీ సర్వీస్ సెంటర్ ఒకదానికి. "లిఫ్ట్ కావాలా? 2,400 డాలర్లు, మూడు వారాలు పడుతుంది" అన్నారు. ఎన్ని ఇంచులు లేస్తుంది అని అడిగితే "మూడో, నాలుగో". యాక్సిల్ గొట్టం సైజు ఎంతో, కమాను పైన ఉందో కింద ఉందో అడగలేదు. ఏ బండితో లాగుతున్నామో అసలే అడగలేదు. బట్టలు కొలత తీసుకోకుండానే కుట్టేస్తానన్నట్టు ఉంది. వద్దనుకున్నాం.

ఈ షెడ్డు సంగతి మా ఆఫీసులో గుర్రాలు పెంచే ఒకావిడ చెప్పింది. ఫోన్ చేస్తే పెద్దాయన ధర చెప్పలేదు. "రేపు పొద్దున తీసుకురండి. ఖాళీగా కాదు, మీరు ట్రిప్‌కి ఎలా నింపుతారో అలా నింపి తీసుకురండి" అన్నాడు. నాకు అక్కడే నచ్చింది. నీళ్ళ ట్యాంకు నింపి, గ్యాస్ సిలిండర్లు రెండూ పెట్టి, వంటింటి అరలో 20 పౌండ్ల సోనా మసూరి సంచీతో సహా తీసుకెళ్ళాం. నాన్న కూడా వచ్చారు. రావొద్దంటే ఆగే మనిషి కాదు.

షెడ్డులో సిమెంటు నేల ఒకచోట సమంగా ఉంది, అక్కడే ఆపమన్నాడు. బండి ఇంజను ఆగీ ఆగకముందే కొడుకు చిన్న తుపాకీ లాంటి థర్మామీటరుతో నాలుగు టైర్లూ చూశాడు. ముందు యాక్సిల్ టైర్లు 96 డిగ్రీల ఫారెన్‌హీట్, వెనకవి 118. ఒకే ట్రైలర్, ఒకే రోడ్డు, 22 డిగ్రీల తేడా. ముక్కు లేవడంతో బరువంతా వెనక యాక్సిల్ మీదికి పోయింది. రెండు యాక్సిళ్ళ మధ్య ఈక్వలైజర్ అని ఒక ముక్క ఊగుతూ ఉంటుంది, గుంత వస్తే బరువుని అటూ ఇటూ పంచుతుంది. కానీ ట్రైలర్ మొత్తం ఇంత వంగి ఉంటే దాని చేతుల్లో కూడా ఏమీ ఉండదని చెప్పాడు. అది వినేదాకా మాది గొట్టం విరిగే సమస్య అనుకుంటున్నాం, టైరు పేలే సమస్య అని తెలియదు.

తర్వాత కొలతలు. పెద్దాయన ట్రైలర్‌ని బండి నుంచి విప్పి, ముందు జాకీతో సమం చేసి, ఫ్రేము అడుగు నుంచి నేలకి ముందూ వెనకా కొలిచాడు. కప్లర్ లోపలి పైభాగం, బాల్ పైభాగం, టైరుకీ పైన రేకుకీ మధ్య ఖాళీ, మురుగు గొట్టం నేలకి ఎంత దూరం, చివరికి పైకెక్కి ఏసీ పెట్టె ఎత్తు కూడా. సుద్దముక్కతో అన్నీ నేల మీదే రాశాడు. పేపరు వాడడు. ఏసీ పైభాగం నేలకి 10 అడుగుల 8 ఇంచులు. అది ఎందుకు కొలిచాడో అప్పుడు అర్థం కాలేదు.

అన్నీ కొలిచి మొదట అన్న మాట: "మీకు లిఫ్ట్ అక్కర్లేకపోవచ్చు. ఇంకా కిందికి దిగే షాంక్ కొనుక్కుంటే ట్రైలర్ సమం అవుతుంది, 120 డాలర్లతో పోతుంది." తన పని తనే పోగొట్టుకుంటున్నాడు. అయితే ఆ షాంక్ బండి వెనక అంత కిందికి వేలాడుతుంటే పల్లాల్లో ముందు అదే రాసుకుంటుంది. పైగా తోక లేచేది రెండు ఇంచులే. పార్కుల్లో మట్టిరోడ్లూ, వాగు దాటే చోట్లూ మాకు మామూలు. ఆ మాట చెప్పాక అప్పుడు దారులు చెప్పాడు.

టైర్లు పెంచడం ఒకటి. మావి 205/75 ఆర్14. 225/75 ఆర్15 వేస్తే ఇంచి కంటే కాస్త ఎక్కువ లేస్తుంది, చక్రాలూ టైర్లూ అన్నీ కొత్తవి కొనాలి, పైన రేకుకి తగలకుండా ఉంటుందో లేదో మళ్ళీ చూసుకోవాలి. ఫ్రేముకీ కమాను తగిలించే బ్రాకెట్లకీ మధ్య చదరపు ఇనుప గొట్టం వేయడం రెండోది. యాక్సిల్‌ని ముట్టుకోనక్కర్లేదు, కానీ బ్రాకెట్లు అంత కిందికి దిగితే మలుపుల్లో పక్కకి లాగే బలానికి వంగకుండా అడ్డంగా కూడా ఇనుము కట్టాలి. మూడోది యాక్సిల్‌ని కమాను పై నుంచి కిందికి మార్చడం. మన లారీ లెక్కకి తేవడం అన్నమాట. యాక్సిల్ గొట్టం మందం, కమాను కట్ట మందం, కమాను కూర్చోడానికి గొట్టానికి అతికే సీట్ల ఎత్తు కలిపి ఎంతో అంత లేస్తుంది. మా గొట్టం 2⅜ ఇంచులది.

అప్పటిదాకా చేతులు వెనక్కి కట్టుకుని చూస్తున్న నాన్న ఇక్కడ కలగజేసుకున్నారు. "అంత పనెందుకమ్మా, యాక్సిల్‌కీ కమానుకీ మధ్య ఓ దిమ్మ పెట్టి పొడుగు బోల్టులు వేస్తే పోదా? మనం మినీ లారీలకి వేసేవాళ్ళం, అడుగు." నేను అనువదించాను. పెద్దాయన ఏమీ అనకుండా సుద్దముక్క నాన్న చేతికిచ్చాడు. నాన్న గొంతుక్కూర్చుని నేల మీద గుండ్రంగా యాక్సిల్ గీశారు, కింద కమాను గీశారు, మధ్యలో దిమ్మ గీశారు. ఒక్క క్షణం ఆగి సుద్దముక్క కింద పెట్టేశారు.

"ఇంకా దిగిపోద్ది."

కమాను యాక్సిల్ కింద ఉన్నప్పుడు మధ్యలో దిమ్మ పెడితే కమాను ఇంకా కిందికి పోతుంది, దానితో పాటు ఫ్రేము కూడా. ఎత్తుదామని పెడితే దిగుతుంది. 31 ఏళ్ళ అనుభవం ఉన్నా అలవాటైన బొమ్మ తలకిందులైతే ఎవరైనా పొరబడతారు. ట్రైలర్ కింద చూడకుండా బజారులో దిమ్మలు కొనేవాళ్ళు ఇది గుర్తుంచుకోండి.

ధర అప్పుడు చెప్పాడు. కిట్ 190, పని 900, ఒక్క రోజు. కిట్ అంటే పెద్దగా ఏమీ లేదు, కమాను కూర్చునే కొత్త సీట్లు, కొత్త యూ బోల్టులు, వాటి పట్టీలు. విలువంతా పనిలోనే. నేను సరే అన్నాను, మర్నాడు సెలవు పెట్టి చూడ్డానికి వెళ్ళాం.

జాకీలు ఫ్రేము కింద పెట్టారు, యాక్సిల్ కింద కాదు. గొట్టం మధ్యలో జాకీ పెడితే అది వంగి, చక్రాల కోణం పోతుంది. స్టాండ్లు వేసి, చక్రాలు విప్పి, బ్యాటరీ తీసేసి, బ్రేకు వైర్లు కోసి, యాక్సిల్‌ని కిందికి దించారు. నేను అనుకున్నదేమిటంటే, పాత సీట్లు ఉన్నాయి కదా, గొట్టాన్ని బొంగరంలా సగం తిప్పేస్తే సీటు పైకొస్తుంది, అయిపోతుంది. అడిగితే కొడుకు యాక్సిల్ మీద ఒక దారం లాగి చూపించాడు. గొట్టం తిన్నగా లేదు. నడుమ పైకి కాస్త వంగి ఉంది, విల్లులాగా. కావాలనే అలా చేస్తారు. బరువు పడ్డాక ఆ వంపు పోయి చక్రాలు నిటారుగా నిలుస్తాయి. సగం తిప్పేస్తే వంపు కిందికొస్తుంది, చక్రాలు పైభాగంలో లోపలికి వాలిపోతాయి, కొన్ని వేల మైళ్ళకే టైరు లోపలి అంచు గుండు కొట్టినట్టు అయిపోతుంది. అందుకే యాక్సిల్‌ని తిప్పకూడదు. ఎలా ఉన్నది అలాగే ఉంచి, పాత సీటుకి సరిగ్గా ఎదురువైపున, పైన, కొత్త సీటు వెల్డింగ్ చేయాలి. దీన్ని ఇక్కడ "యాక్సిల్ ఫ్లిప్" అంటారు. ఆ పేరు విని నిజంగానే తిప్పేసేవాళ్ళు ఉన్నారట. అలాంటి ట్రైలర్ ఒకటి తమ దగ్గరికే మరమ్మతుకి వచ్చిందని చెప్పి ఇద్దరూ నవ్వుకున్నారు.

వెల్డింగ్ ముందు సీట్లని చుక్కలతో అంటించి, రెండు సీట్ల మధ్య దూరం, చక్రం నుంచి సీటుకి దూరం, రెండు వైపులా కొలిచారు. రెండో యాక్సిల్‌కీ అంతే. ఆ తర్వాతే పూర్తి అతుకు. వెల్డింగ్ కరెంటు తిరిగి పోయే ఎర్త్ క్లాంపుని పెద్దాయన ఎక్కడో ఫ్రేముకి కాకుండా అతుకు పక్కనే, గొట్టానికే తగిలించాడు. కరెంటు బేరింగుల గుండా పోతే లోపల రోలర్ల మీద మచ్చలు పడి కొన్నాళ్ళకి అరుస్తాయి. ఇది నాన్నకి ఎవరూ చెప్పనక్కర్లేదు. క్లాంపు ఎక్కడ పెడతాడా అని కళ్ళార్పకుండా చూసి, పెట్టాక తల ఊపారు. అతుకు చల్లారాక సుత్తితో పెచ్చు కొట్టి, గోటితో అంచు వెంబడి గీకి చూశారు. పెద్దాయన అడ్డు చెప్పలేదు. తన పనిని ఎవరో పరీక్ష పెడుతుంటే ఊరుకునే మేస్త్రీలు మన దగ్గరా తక్కువే.

కమాన్లు విప్పినప్పుడు ఇంకో సంగతి బయటపడింది. కమాను చివర బోల్టు దూరే కన్నుల్లో ఉన్న ప్లాస్టిక్ బుష్షులు పూర్తిగా అరిగిపోయి, బోల్టు ఇనుము మీదే రాసుకుంటోంది. కమానుని ఈక్వలైజర్‌కి కలిపే షాకిల్ పట్టీల రంధ్రాలు గుండ్రం పోయి కోడిగుడ్డు ఆకారంలోకి వచ్చాయి. కంపెనీ నుంచి వచ్చేటప్పుడు చాలా ట్రైలర్లకి ఈ నైలాన్ బుష్షులే ఉంటాయి, గ్రీజు పెట్టే దారి ఉండదు. ముక్కలు నా చేతిలో పెట్టి, "ఇవే తిరిగి వేయమంటే వేస్తాను, కానీ నేనైతే వేసుకోను" అన్నాడు. కంచు బుష్షులు, గ్రీజు నిపిల్ ఉన్న బోల్టులు, మందమైన షాకిల్ పట్టీలు 160 డాలర్లు. వేయమన్నాం. ఆ సామాను తన దగ్గర లేదు, తెప్పించాలి. ఒక్క రోజు అన్న పని మూడు రోజులైంది. ట్రైలర్ అక్కడే వదిలి ఉత్త బండితో రెండుసార్లు తిరిగాం. ఇంత పాత ట్రైలర్ కిందికి దూరి అన్ని కొలతలు తీసినవాడు బుష్షులు ముందే చూసి ఉండాల్సింది. దీనికి కోపం రాలేదు గానీ చిరాకు వచ్చింది. అయినా నక్షత్రం తగ్గించింది దీనికి కాదు.

బిగించేటప్పుడు పాత యూ బోల్టులు ఒక్కటీ వాడలేదు. ఒకసారి సాగిన బోల్టు రెండోసారి పట్టు నిలవదు, నాన్న షాపులో కూడా అదే నియమం. అర ఇంచు బోల్టులు, 60 ఫుట్ పౌండ్ల దగ్గర టార్క్ రెంచి క్లిక్ మనేదాకా, నాలుగు మూలలూ మార్చి మార్చి బిగించాడు. కోసిన బ్రేకు వైర్లకి కొత్త ముక్క కలిపి పొడవు పెంచాడు. యాక్సిల్ ఫ్రేముకి దూరమైంది కాబట్టి పాత పొడవైతే గుంతలో చక్రం కిందికి జారినప్పుడల్లా తీగ లాగి, ఎప్పుడో ఒకప్పుడు బ్రేకు పోతుంది. ఇవన్నీ బిల్లులో ఒక్క లైను కూడా కావు.

నేల మీదికి దించి కొలిస్తే 4¾ ఇంచులు లేచింది. కప్లర్ ఇప్పుడు 24¾ దగ్గర సమంగా ఉంది. మన బాల్ 23½. షాంక్‌ని ఒక్క రంధ్రం పైకి జరిపాడు, రంధ్రాల మధ్య దూరం ఇంచుంబావు, సరిగ్గా సరిపోయింది. బరువు పడ్డాక బండి వెనక అర ఇంచు దిగింది, అంటే ట్రైలర్ ముక్కు పిసరంత కిందికి. అలాగే ఉండాలట, పైకి మాత్రం ఉండకూడదు. బరువు పంచే హిచ్ కడ్డీల కోణం కూడా ఈ కొత్త ఎత్తుకి తగ్గట్టు మళ్ళీ సరిచేశాడు. ఎక్కడెక్కడో యాక్సిల్ పని చేయించుకుని హిచ్‌ని పాత రంధ్రంలోనే వదిలేసేవాళ్ళు ఉంటారు. అప్పుడు ముక్కు నేలని చూస్తుంది, డబ్బూ పోయి బాధా మిగులుతుంది.

తిరిగి వస్తూ ట్రక్ స్టాప్‌లో క్యాట్ స్కేల్ (లారీలు తూచే కాటా) మీద తూయించాను. ట్రైలర్ 6,280 పౌండ్లు, ముందు హిచ్ మీద పడేది 790, అంటే పన్నెండున్నర శాతం. పదికీ పదిహేనుకీ మధ్య ఉండాలంటారు, బాగానే ఉంది. ఇంటికొచ్చాక నేనూ ఒక థర్మామీటరు కొన్నాను లెండి. టైర్లు ముందు 104, వెనక 106. ఈ రెండు అంకెల కోసమే 1,250 డాలర్లు ఇచ్చానన్నా నాకు బాధ లేదు.

ఇక నక్షత్రం సంగతి. మెట్టు గురించి ఒక్క మాట కూడా చెప్పలేదు. ట్రైలర్ తలుపు కింద మడత మెట్టు నేలకి 9 ఇంచులుండేది, ఇప్పుడు దాదాపు 14. ఇంటి ముందుకి తెచ్చి ఆపాక అమ్మ మోకాలు పట్టుకుని దాని వైపు చూసిన చూపు నేను మర్చిపోను. "ఇది ట్రైలరా, అటకా?" అంది. విడి మెట్టు ఒకటి కొన్నాం, ప్రతిసారీ దించాలి, ప్రతిసారీ ఎక్కించాలి, ఒకసారి ఊళ్ళో మర్చిపోయి కూడా వచ్చాం. మూలల్లో ఊగకుండా వేసే జాకీలు కూడా నేలకి అందడం లేదు, కింద చెక్కదిమ్మలు పెట్టాలి. ఇంట్లో పెద్దవాళ్ళున్నారా అని ఒక్క ప్రశ్న అడిగి ఉంటే సరిపోయేది. అడ్డమైనవన్నీ కొలిచిన మనిషి తలుపు దగ్గర మాత్రం టేపు పెట్టలేదు.

ఏసీ ఎత్తు ఎందుకు కొలిచాడో మాత్రం చివర్లో తెలిసింది. డబ్బులిచ్చాక, స్టీరింగ్ పక్కన అతికించుకోమని ఒక టేపు ముక్క మీద రాసిచ్చాడు: 11 అడుగుల 1 ఇంచు. ముప్పావు ఇంచుని ఇంచు చేశాడు, పైకి తప్పు పోయినా ఫర్వాలేదు కదా. టెక్సస్ హైవేల మీద 14 అడుగుల దాకా అనుమతి ఉంటుంది, వంతెనలతో భయం లేదు. భయమంతా పాత పార్కుల్లో చెట్ల కొమ్మలతో, చిన్న బంకుల పైకప్పులతో.

నవంబరులో మళ్ళీ పాలో డ్యూరోకే వెళ్ళాం, అదే 287 మీద. ఆ రోడ్డు మీద పక్కగాలి ఎలా ఉంటుందో వెళ్ళినవాళ్ళకి తెలుసు. నిజం చెప్పాలంటే ఎత్తు పెరిగాక గాలి కాస్త ఎక్కువ తెలుస్తోంది. పెద్ద ట్రక్కు పక్క నుంచి దూసుకెళ్తే ఇదివరకు ఒక ఊపు, ఇప్పుడు ఒకటిన్నర. 65 ఉన్నచోట 60లో వెళ్తున్నాను. ముక్కు లేచి ఉన్నప్పటి తోక ఊపుతో పోలిస్తే ఇది ఏమీ కాదు. కానీ మీరు తారు రోడ్డు దిగని మనుషులైతే, తోక ఎక్కడా తగలకపోతే, ఈ ఎత్తు మీకు అక్కర్లేదు, ఆ 120 డాలర్ల షాంక్ కొనుక్కుని హాయిగా ఉండండి.

కాన్యన్‌లోకి దిగే రోడ్డు పది శాతం వాలు. గేరు తగ్గించి మెల్లగా దించాను. కింద రోడ్డు వాగుని దాటే చోట్లు ఉన్నాయి, సిమెంటు నేల పల్లంగా దిగి మళ్ళీ లేస్తుంది. మొదటి దాని దగ్గర అద్దంలో చూస్తూ, రేడియో ఆపేసి, చెవులు వెనక్కి పెట్టి దాటాను. నీళ్ళ చప్పుడు తప్ప ఏమీ లేదు. మురుగు గొట్టం ఇప్పుడు నేలకి 15¾ ఇంచులు, పాత రోజుల్లో ముక్కు లేచి ఉన్నప్పుడు తొమ్మిదే. చిల్డ్రెస్‌లో అదే బంకులోకి కూడా కావాలనే తిప్పాను. మా ఆయన వద్దన్నాడు. నాన్న మాత్రం అద్దం దించి తల బయటపెట్టి చూస్తూ, "పోనీ అమ్మాయ్, పోనీ, జానెడు పైనుంది" అన్నారు.

చేయించుకునేవాళ్ళు ముందు చేయాల్సింది ఒకటే, ట్రైలర్ కింద దూరి చూడండి. కమాను ఇప్పటికే యాక్సిల్ పైన ఉంటే ఈ పని మీకు కుదరదు, వేరే దారి వెతుక్కోవాలి. కమాన్లే లేకుండా చదరపు గొట్టం, పక్కకి చేయి చాచినట్టు ఒక బాహువు ఉంటే అది టార్షన్ యాక్సిల్, లోపల రబ్బరు ఉంటుంది, దానికి ఫ్రేముకీ యాక్సిల్‌కీ మధ్య వేసే బ్రాకెట్లు వేరే.

యాభై మైళ్ళయ్యాక యూ బోల్టులు మళ్ళీ చూడాలి, ఉచితంగా చూస్తాను రమ్మన్నాడు, వెళ్తే నిజంగానే డబ్బు తీసుకోలేదు, రెండు బోల్టులు పావు చుట్టు తిరిగాయి. చక్రాల నట్లు 10, 25, 50 మైళ్ళ దగ్గర నేనే చూసుకున్నాను, 100 ఫుట్ పౌండ్లు. నాన్న జనవరిలో విజయవాడ వెళ్ళిపోయారు. ఆదివారం ఫోన్ చేస్తే పిల్లల సంగతి అడిగాక, అల్లుడి సంగతి అడిగే ముందు, "ఆ నిపిళ్ళలో గ్రీజు కొట్టావా?" అంటారు. కొట్టాను నాన్నా, పాతది నల్లగా బయటికొచ్చి కొత్తది ఎర్రగా కనపడేదాకా కొట్టాను.